పుల్లల బాయిలర్, మా ముసలామె దగ్గు

మా ఇంట్లో స్నానాల నీళ్లు ఇప్పటికీ రాగి బాయిలర్‌లో, పుల్లల మంట మీదే కాగుతాయి. గీజర్ పెట్టించమని మడికొండలో ఉండే మా బిడ్డ మూడు చలికాలాల నుంచి పోరుతోంది. “కరెంటు నీళ్లకు రుచుండది బిడ్డా” అని నవ్వి తప్పించుకున్నాను. నా భార్య, మా ముసలామె, దగ్గినప్పుడల్లా “పొగబండి బయిలెల్లింది” అని ఎక్కిరించాను కూడా.

ఈ రోజు ఆ దగ్గు ఎంతకీ ఆగకపోతే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే చూసి అడిగింది: “అవ్వా, బీడీలు తాగుతవా?”

నేను పక్కున నవ్వాను. మా ముసలామె నవ్వలేదు.

“నేనేడ తాగుతనమ్మా. మా బాయిలర్ తాగుతది, నేను దాని ముంగట కూసుంట. ఈయనకు పుల్లల మీద కాగిన నీళ్లే కావాలె.”

డాక్టరమ్మ నావైపు తిరిగింది. “తాతా, ఆ బాయిలర్ మంట నువ్వెన్నడన్న అంటువెట్టినవా?”

ఊరందరినీ ఆటపట్టించే నేను ఎక్స్‌రే కవర్ తీసుకుని లేచాను. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా అంటించలేదు.

తిరిగొస్తూ ఆటోలో “రేపే గీజర్ పెట్టిస్త” అన్నాను.

“పెట్టియ్యి. పోయిన ఊపిరి వాపస్ వస్తదా?” అంది.

సాయంత్రం మొదటిసారి నేనే బాయిలర్ ముందు కూర్చున్నాను. రెండు నిమిషాలకే కళ్లు మండి, దగ్గుకుంటూ బయటికి ఉరికాను.

గడపలో కూర్చున్న మా ముసలామె మెల్లగా అంది: “పొగబండి బయిలెల్లింది.”

మీ ఇంట్లో నీళ్లు ఎవరు కాగబెడతారో రాయండి. “మా ఆవిడే” అని రాసేవాళ్లు మాత్రం ఒక్కపూట ఆ మంట ముందు కూర్చొని, తర్వాత రాయండి.