పార్కు తవ్వితే బయటపడ్డ బావి

ఎనభైలల్ల నేను చెన్నూరు పోయే తొవ్వల ఒక ఫ్యాక్టరీ కాలనీల నక్షలు గీసే పని చేసిన. చుట్టుపక్కలోళ్లు మా కాలనీని తోట అనేటోళ్లు. ప్రతి క్వార్టర్ ముంగట పచ్చగడ్డి, గులాబీలు, నడుమ పెద్ద పార్కు. అన్నిటికీ గోదావరి నీళ్లే.

ఒక ఎండకాలం నదిల ఇసుకే మిగిలింది. ట్యాంకర్ కాడ ఆడోళ్లు బిందెలతోని కొట్టుకున్నరు. అది చూసి మా ఇంజనీరు కాలనీ మొత్తం మార్చాలన్నడు. గడ్డి తీసెయ్యాలె, తానాల నీళ్లు చెట్లకు మళ్లియ్యాలె, పార్కుల వాననీళ్లు ఇంకేటట్టు గుంతలు తవ్వాలె.

మొదటి గుంతలనే గడ్డపార ఖంగుమన్నది. మన్ను తీస్తే గుండ్రంగ రాతి కట్టడం. బావి ఒర! లోపలంత మొరం పోసి పూడ్చిండ్రు. పై ఆఫీసు కాగితాలు చూసి గీసిన నా పాత నక్షల గా జాగ మీద "ఖాళీ భూమి" అని రాసింది నేనే.

కాలనీ ఊడ్చే అవ్వ చీపురు పక్కన పెట్టి, ఒర మీది మన్ను చేతితోని రుద్దింది.

"ఇది మా ఊరి బావి, సారూ. ఎండకాలం గుడ ఎండకపోతుండె."

"ఊరా? ఇన్నేండ్ల సంది ఈడనే ఊడుస్తున్నవ్, ఒక్కనాడన్న చెప్పకపోతివేందవ్వా?"

"గీ కాలనీ కోసం ఊరు కూలగొట్టినంక గీ పనే దిక్కయింది. చెప్తె పనిల నుంచి తీసేస్తరని భయపడ్డ."

ఇంజనీరు గుంతలు ఆపించి బావి పూడిక తీయించిండు. పదిహేను రోజులకు అడుగున బురదనీళ్లు ఊరినయి, మెల్లగ తేటవడ్డయి. అవ్వ ఏడుస్తదనుకున్న. ఆమె నవ్వుకుంట, తోడిన నీళ్లకు దోసిలి పట్టింది.

తెల్లారి నక్ష పట్టుకొని ఆమె ఎంబడి తిరిగిన. ఏ ఇల్లు యాడ ఉండెనో చూపిస్తుంటె పెన్సిల్‌తోని గుర్తు పెట్టుకుంట పోయిన. పదకొండో ఇంటికి ఆమె నా క్వార్టర్ వంటింటి గోడ కాడ ఆగింది.

"గిది మాది. గీడనే నా పెద్దబిడ్డను కన్న."

నా వంటింటి మీదనే ఆమె ఇల్లు గుర్తు పెట్టిన. లోపటికి రమ్మన్న. కాళ్లకు మన్నున్నదని రాలే. నా భార్య చాయ్ తెచ్చి, ఆమెతోని గడప మీదనే కూసున్నది.

కొత్త నక్షల బావి గీసిన, పదకొండు ఇండ్లు గుడ గీసిన. ఇంజనీరు సంతకం పెట్టిండు. పై ఆఫీసోళ్లు బావిని ఉంచి, ఇండ్లను ఎర్రసిరాతోని కొట్టేసి పంపిండ్రు.