టైరు లోపలి అంచు

కిందటేడు నెలలు నిండిన మా చెల్లెల్ని కారులో చిత్తూరు నుంచి తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కారు ఎడమకు లాగుతోందని ముందురోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాను. పాకాల దాటేసరికి మళ్లీ అదే లాగుడు. షాపతనికి ఫోన్ చేస్తే, “టైర్లు కొత్తవి మాదిరే ఉండాయప్పా, ధైర్యంగా పో” అన్నాడు.

టైర్ల సంగతి నేను అడగనేలేదు! అనుమానమొచ్చి కారు పక్కకు ఆపాను.

“నీకన్నీ అనుమానాలే అన్నా, కారు పోనీ” అంది చెల్లెలు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఎడమ టైరు లోపలి అంచు తడిమాను. బయటికి బాగానే కనిపించే టైరుకు లోపల రబ్బరంతా అరిగిపోయింది. టైరులో ఉండే ఇనుప తీగ బయటపడి వేలికి గుచ్చుకుంది. దారిలో అది పేలి ఉంటే!

నా వేలి రక్తం చూసి చెల్లెలు కారు దిగింది. ఆటోలో ఆసుపత్రి చేరాం. సాయంత్రానికి మేనకోడలు పుట్టింది.

షాపతను తెలిసే దాచాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. పాపనెత్తుకున్నప్పుడల్లా ఆ తీగే గుర్తొస్తుంది.