ఇలారియా అత్త పెద్దవాళ్ళు

మా అత్త ఇలారియాకు ఒకటే జబ్బు. లోకంలో ఏ కొత్త సంగతి చెప్పినా, అది తమ పెద్దవాళ్ళు ఎప్పుడో చేసేసి, విసుగొచ్చి వదిలేసిన పనేనంటుంది. పెద్దవాళ్ళంటే తాతా ముత్తాతా కాదు. కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి పొలాలు చేసినవాళ్ళు, గడ్డితాళ్ళతో లోయ మీద వంతెనలు అల్లినవాళ్ళు, చేదు విషంలా ఉండే అడవి దుంపను మచ్చిక చేసి బంగాళాదుంపగా మార్చినవాళ్ళు. వేల ఏళ్ళనాటి మనుషులు. అత్త మాత్రం వాళ్ళను మొన్న ఆదివారం సంతలో కలిసినట్టే మాట్లాడుతుంది. ఒకాయన మెట్లపొలాల పెదనాన్న, ఇంకొకాయన వంతెనల మేనమామ. ఆ మేనమామకు మోకాళ్ళ నొప్పులని కూడా ఆవిడకు తెలుసు.

పెళ్ళయ్యాక నేను కూస్కో పట్నం నుంచి ఫ్రిజ్ తెచ్చి ఆవిడ వంటింట్లో పెట్టాను. తలుపు తీసి లోపలికి తొంగిచూసి, తమవాళ్ళు కొండ నెత్తిన గాలి తగిలేచోట రాతికొట్లు కట్టి ఏళ్ళ తరబడి తిండి దాచారని, దీనికి మళ్ళీ కరెంటు కూడా కావాలా అని అడిగింది. ఆ ఫ్రిజ్‌లో ఇప్పుడు ఉన్ని దుప్పట్లున్నాయి. సెల్‌ఫోన్ చూపిస్తే, తమవాళ్ళు కబురు చేతబట్టుకుని కొండ నుంచి కొండకు పరిగెత్తేవాళ్ళని, మధ్యలో సిగ్నల్ పోయేది కాదని చెప్పింది. ఆవిడకు సమాధానం చెప్పగలిగినవాడు మా అల్లుళ్ళలో ఇంతవరకూ పుట్టలేదు. ఉన్న అల్లుణ్ణి నేనొక్కణ్ణే.

నా సంగతి చెప్పాలి. నా పేరు ఫెర్మీన్. కొండ కింద ఒరొపెసాలో రొట్టెలు కాల్చుకునేవాణ్ణి. మా ఊళ్ళో పిల్లలు పిండిలో పుట్టి పిండిలో పెరుగుతారు. అత్త కూతురు సబీనాను చేసుకుంటానని అడగడానికి మొదటిసారి కొండెక్కి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు, పళ్ళెమంత రొట్టె ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్ళాను. అత్త దాన్ని బరువు చూసింది, వాసన చూసింది, చివరికి నన్ను చూసింది.

"ఈ గోధుమను మచ్చిక చేసింది మీ పెద్దవాళ్ళేనా?"

"కాదత్తా, బస్తాల్లో వస్తుంది."

"ఎక్కణ్ణుంచి?"

"కొట్టు నుంచి."

అక్కడితో నా వంశచరిత్ర అయిపోయింది. గోధుమ నిన్నగాక మొన్న తెల్లదొరల ఓడ దిగిన చుట్టమని, అదే ఓడలో పన్నులూ మశూచీ కూడా దిగాయని అత్త కూతురికి నచ్చచెప్పింది. చెబుతూ చెబుతూ సగం రొట్టె తినేసింది. మిగతా సగం దాచిపెట్టింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు రొట్టెలబ్బాయి.

మరోసారి చుట్టాల పిల్ల బాప్తిస్మం విందుకు కూస్కోలో చీనావాళ్ళ హోటల్‌కు వెళ్ళాం. వేపుడన్నం రెండు ముద్దలు తిని అత్త హోటల్ యజమానిని పిలవమంది. వూ అనే ఆ పెద్దాయన, వంటలో ఏదో పురుగు పడిందనుకుని చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వరిని మచ్చిక చేసిందెవరని అడిగితే, మావాళ్ళేనన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. ఇక పోటీ మొదలైంది. ఆయన పట్టు అంటే ఈవిడ మొక్కజొన్న అంది. ఆయన కాగితం అంటే ఈవిడ తాళ్ళకు ముడులేసి లెక్కలు రాసే విద్య అంది. కాగితం తడిస్తే ఏం చేస్తారని ఈవిడ అడిగింది. ముడి విప్పేస్తే ఏం చేస్తారని ఆయన అడిగాడు. అత్త నోరు మూతపడడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తేనీరు తాగారు. మధ్యలో అత్త నావైపు చెయ్యి చూపించి, "ఇతను గోధుమ" అని పరిచయం చేసింది. వూ గారు జాలిపడి నా పళ్ళెంలో ఇంకో కోడికాలు వేయించారు.

ఈ జబ్బు వల్ల ఊరంతటికీ కాలక్షేపమే గాని, నికాసియో పెదమామకు మాత్రం ఒళ్ళు మండేది. ఈయన చనిపోయిన మా మామగారి అన్న. ఆ ఇంట్లో ఏ పెళ్ళికైనా ఆయన తల ఊపాలి. కోకా ఆకులు నములుతూ కూర్చుంటాడు, తల మాత్రం ఊపడు. ఒకసారి ఆయన కోడలు యులాలియా వండుకునే దుంపల గంప వాకిట్లో మరిచిపోయింది. రాత్రి మంచు కురిసి, తెల్లారేసరికి దుంపలన్నీ రాళ్ళయిపోయాయి. పెదమామ తిట్లు లోయ అవతలకు కూడా వినిపించాయి. మా అత్త గుమ్మంలో ప్రత్యక్షమై, ఎండుదుంప చేయడం ఎవరు కనిపెట్టారనుకున్నారు బావగారూ అంది. పెద్దవాళ్ళింట్లో ఒక కోడలు ఇలాగే దుంపలు మరిచిపోయిందట. ఆ పిల్లకు మతిమరుపు లేకపోతే కరువులో జాతి జాతంతా పోయేదట. చెప్పి, చెప్పులు విప్పి, యులాలియాను పక్కన పెట్టుకుని ఆ దుంపలను కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి ఎండకు పరిచేసింది. సందు దొరికితే చాలు ఈవిడ పెద్దవాళ్ళను లాక్కొస్తుందని నేను నవ్వుకున్నాను. నాకంతకన్నా బుర్ర లేదు మరి.

ఇక నా పరీక్ష. ఆ కొండల్లో ఒక దుంప ఉంది. అల్లం కొమ్ములా ముడులు ముడులుగా, ఒంటినిండా గుంటలతో ఉంటుంది. దాని పేరే కోడల్ని ఏడిపించే దుంప. పెళ్ళికి ముందు కాబోయే అత్త దాన్ని పిల్ల చేతిలో పెడుతుంది. తొక్క పల్చగా, కండ పోకుండా చెక్కితే సరే, లేకపోతే పిల్ల ఇంటికి పనికిరాదని అర్థం. నాకు అమ్మ లేదు. అందుకని నికాసియో పెదమామ తీరిగ్గా ఓ ఆకు నోట్లో వేసుకుని, అమ్మాయిని పరీక్షించేవాళ్ళు అటువైపు లేరు గనక అబ్బాయినే పరీక్షిద్దామన్నాడు. దుంప చెక్కడం రానివాడికి తన తమ్ముడి కూతుర్ని ఇవ్వడట. ఆయన మనసులో మెట్లపొలాలున్న వేరే సంబంధం ఉందని అందరికీ తెలుసు.

చుట్టాలందరూ చుట్టూ చేరారు. సబీనా నా చెవిలో, "వంట నేను చేసుకుంటాలే, నువ్వు వేళ్ళు మిగుల్చుకో" అంది. ధైర్యం చెప్పడం వాళ్ళ ఇంటావంటా లేదు. పిండి పిసికే చేతులు నావి, కత్తి వాటికి కొత్త. ఒక ముడి చెక్కబోతే ఇంకో ముడి ఊడొచ్చింది. గుంట తియ్యబోతే బిలమైంది. చివరికి పిడికిలంత దుంపలో గోళీకాయంత మిగిలింది. పక్కన తొక్కలు గుట్టగా పడ్డాయి. వాటితో ఇంటిల్లిపాదికీ పులుసు పెట్టొచ్చు. యులాలియా కొంగు నోట్లో కుక్కుకుంది. సబీనా నేలచూపులు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, ఈ పిల్ల లేకుండా నేను కొండ దిగలేనని. ఏడుపొచ్చింది. దుంప పేరు నిలబెట్టాను.

పెదమామ టోపీ సర్దుకుని లేవబోయాడు. అత్త వంగి ఒక తొక్క తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"చూశారా బావగారూ, ప్రతి తొక్కకీ ఒక కన్ను వదిలాడు. కండ కూడా వదిలాడు. కరువొస్తే పెద్దవాళ్ళు ఇలాగే చెక్కేవాళ్ళు. దుంప తినేసి తొక్క నాటుకునేవాళ్ళు. కొండ కింద పుట్టాడన్న మాటేగాని, ఈ పిల్లాడికి పాతకాలం పని తెలుసు."

నాకేం తెలుసో నాకు తెలియదు గాని, తెలిసినట్టే మొహం పెట్టాను. పెదమామ చాలాసేపు నమిలి, సరే, నాటమన్నాడు. మొలిస్తే కార్నివాల్ పండక్కి పెళ్ళి, మొలవకపోతే రొట్టెలబ్బాయి బస్సెక్కాలి.

అత్త ఆ తొక్కలను ఒళ్ళో వేసుకుని వెళ్ళి మెట్టు పొలంలో ఓ మూల నాటింది. నన్ను దగ్గరకు రానివ్వలేదు, గోధుమ చెయ్యి తగిలితే మొలకెత్తవంది. నేను వారం వారం బస్సెక్కి వచ్చి ఆ మట్టి ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. మేరీ మాతకు మొక్కాను, కొండలకు మొక్కాను, ఎవరూ వినకపోతే తొక్కలకే మొక్కాను. పెదమామ కూడా రోజూ అటుగా నడిచి వెళ్ళేవాడట, పని ఉన్నట్టు. ఒక ఆదివారం వెళ్ళేసరికి వరుసంతా పచ్చగా పైకొచ్చింది. నేను సబీనాను ఎత్తుకుని గిరగిరా తిప్పి, ఆ ఊపులో రెండు మొక్కలు తొక్కేశాను. కార్నివాల్‌కు పెళ్ళయింది. మొక్కజొన్న కల్లు తాగి అందరికన్నా ఎక్కువ ఆడినవాడు పెదమామే.

పంట తవ్వే రోజున అందరం పొలంలో ఉన్నాం. నా మూలను నేనే తవ్వుతానని పట్టుబట్టాను. మొదటి మొక్క లాగితే కొత్త దుంపలు వచ్చాయి, వాటి మధ్య ఒక పాతది కూడా వచ్చింది. ముడతలు పడి తోలుతిత్తిలా అయిపోయిన నిండు విత్తనపు దుంప. రెండో మొక్క కిందా అదే. ఎంత రొట్టెలవాణ్ణయినా, తొక్క నాటిన చోట అడుగున నిండు పాతదుంప దొరకదని నాకూ తెలుసు. నా తొక్కలు ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటాయి. నాకు పెళ్ళి చేసింది ఈ దుంపలు. గబగబా దాన్ని మట్టిలో దాచబోతుంటే వెనక నీడ పడింది.

"ఏమిటది?" అన్నాడు పెదమామ.

"రాయి, పెదమామా."

ఆయన వంగి ఆ రాయిని నా చేతిలోంచి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అత్త అప్పటికే వచ్చి నిలబడింది. తొక్క నాటితే అడుగున దుంప ఎలా వచ్చిందని ఆయన అడిగాడు.

"పెద్దవాళ్ళు తొక్కకి తోడుగా ఓ దుంప కూడా పెట్టేవాళ్ళు బావగారూ" అంది అత్త తడుముకోకుండా. "ఒంటరిగా ఉంటే తొక్క బెంగపెట్టుకుంటుంది."

"ఏ పెద్దవాళ్ళు?"

అత్త ఈసారి మెట్లపొలాల పెదనాన్నను పిలవలేదు. వంతెనల మేనమామనూ పిలవలేదు.

"మీ అమ్మ" అంది. "నా పెళ్ళికి ముందు నేను చెక్కితే మిగిలిన దుంప ఇతని దానికన్నా చిన్నది. మీ నాన్న వద్దనేశాడు. తొక్కలు నాటి చూద్దామని పందెం కాసింది మీ అమ్మే. ఆ వరుస తవ్వింది మీరే. మీకు పాతదుంప తగల్లేదా?"

పెదమామ టోపీ తీసి తల గోక్కున్నాడు. లోయ వంక చూశాడు. ఆయనకు తగిలిందో లేదో, తగిలితే ఇన్నాళ్ళూ ఏం అనుకున్నాడో మాకు తెలియదు. తర్వాత ఆ ముడతల దుంపను మళ్ళీ గుంటలోకి వదిలి, కాలితో మట్టి కప్పి గట్టిగా అదిమాడు.

"రాయేనంటావా అబ్బాయ్?"

"రాయే పెదమామా."

"అయితే పక్క వరుస తవ్వు" అన్నాడు.