గడప బయటి కుంపటి

మా మామ పోయాడన్న కబురు, నెలనెలా ఆయన్ను మా ఊళ్ళో దించి వెళ్ళే బండిలోనే వచ్చింది. పొద్దుటి ప్యాసింజరు తాండూరు నుంచి వికారాబాదు చేరిన కాసేపటికి తలుపు చప్పుడైతే, నా భార్య "నాయిన వచ్చిండు" అంటూ చేతిలో చేట కింద పెట్టి పరుగెత్తింది. వాకిట్లో నిలబడ్డది తాండూరులో వాళ్ళ పక్కింటాయన. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆయన నోరు విప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. నిద్రలోనే పోయాడట, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. బతికినన్నాళ్ళూ ఆయన పద్ధతి అదే.

ఇది జరిగి నెల దాటింది. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే గొప్ప సంగతులేవీ గుర్తుకు రావడం లేదు. బొగ్గులు గుర్తుకొస్తున్నాయి.

మా మామ గొర్రెల కాపరి. నేను వికారాబాదులో బడిపంతులును. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలంలో మా పెళ్ళయింది. అప్పటికే మా అత్త లేదు. ఆయన నెలకోసారి మా ఊరి అంగడికి గొర్రెల బేరానికి వచ్చేవాడు. బేరం కాకముందే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని బిడ్డతో రెండు గంటలు మాట్లాడేవాడు. కానీ మా ఇంట్లో మెతుకు ముట్టేవాడు కాదు. బిడ్డ కడుపు పండేదాకా ఆమె ఇంట్లో తల్లిదండ్రులు తినకూడదని వాళ్ళ ఆచారం. ఆ మాటకొస్తే మా ఆచారమూ అదే. మంచినీళ్ళు కూడా వీధి చివర చేదబావి దగ్గరే తాగేవాడు.

మాకు పిల్లలు కలగలేదు. ఒక ఏడాది గడిచింది, రెండు గడిచాయి, మూడు గడిచాయి. ఆయన ఆకలితో రావడం, ఆకలితో వెళ్ళడం అలాగే సాగింది.

పంతులును కదా, వాదించకుండా ఉండలేను.

"గిది ఏ శాస్త్రంల ఉన్నది మామా?" అని అడిగాను ఒకసారి.

"శాస్త్రం సంగతి నాకెరుక లేదు అల్లుడూ. మా నాయిన తినలే, మా తాత తినలే. ఇప్పుడు నేను తింటే ఆళ్ళు ఉత్తగనే ఉపాసమున్నట్టయితది గదా."

ఆ మాట అని మంచినీళ్ళకు బావి దిక్కు నడిచాడు.

ఆయన వచ్చిన రోజు నా భార్య కూడా తినేది కాదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఒక రోజు మధ్యాహ్నం మాటల్లో "ఏం వండినవు బిడ్డా, ఏం తిన్నవు?" అని అడిగాడు. ఆమెకు అబద్ధం చేతకాదు. "నువ్వు తిన్ననాడు తింట" అంది. మా మామ చేతికర్రతో నేల మీద గీతలు గీశాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"అల్లుడూ, మంచి కుంపటి యాడ దొరుకుతది?"

తన ఆలోచన ఏమిటో ఆయన చెప్పలేదు. మాంసం కాల్చడానికని మాత్రం అన్నాడు. అంతే, నా పాండిత్యం నిద్ర లేచింది. హైదరాబాదులో ఒకసారి కాల్చిన రాతిబండ మీద వండిన మాంసం తిన్నాను. "తాండూరు రాయి ఉండగ కుంపటి ఏంటికి?" అని, మరుసటి నెల ఆయన వచ్చేసరికి ఒక నాపరాయి పలక సంపాదించి రెండు ఇటుకల మీద పెట్టి కింద మంట వేశాను. తాండూరు మనిషికి తాండూరు రాయి గొప్పతనం నేను చెప్పాను, వినండి! ఆయన "జర ఇటు రా బిడ్డా" అంటూ నా భార్యను పిలుచుకుని పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పంతులుగారి పనికి అడ్డు రాకూడదన్న మర్యాద అనుకున్నాను. కాసేపటికి ఆ రాయి తుపాకీ పేలినట్టు పేలింది. పెచ్చులు లేచి మాంసం బూడిదలో పడింది. నా పంచెకు రెండు చిల్లులు పడ్డాయి.

"పేలుతదని ఎరుకే గదా మామా, చెప్పొద్దా?"

"సారువు గదా, పరీక్ష పెడుతున్నవనుకున్న" అన్నాడు. తర్వాత నా పంచె దులుపుతూ, "నాపరాయి మీద నడవాలె, పండాలె. నిప్పు మీద పెట్టొద్దు. పొరలల్ల నీళ్ళుంటయి దానికి" అన్నాడు.

ఆ రోజే ఇద్దరం అంగడికి వెళ్ళాం. మట్టి కుంపట్లు చూశాడు, పాలు కాచుకోవడానికి సరే అన్నాడు. కిరసనాయిలు డబ్బా రేకుతో చేసినవి చూశాడు, రెండు వానాకాలాలు కూడా నిలవవన్నాడు. చివరికి కమ్మరి కొలిమి దగ్గర, పాత బండి చక్రం పట్టా చూపించి, దానితో చేయమన్నాడు. కొలతలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. పొడవు మూర, లోతు నాలుగు వేళ్ళు. "లోతెక్కువైతే బొగ్గు తింటది, ముక్కకు సెగ తాకది" అన్నాడు. గాలికి పక్కల నాలుగు బెజ్జాలు. ఇక మాంసం గుచ్చే సీకులు గుండ్రంగా ఉండకూడదు, బద్దల్లా ఉండాలి. నేను ఎందుకని అడిగితే, నా చేతిలో గుండ్రటి సీకు పెట్టి దానికి ఉల్లిగడ్డ గుచ్చి తిప్పమన్నాడు. సీకు తిరిగింది, ఉల్లిగడ్డ తిరగలేదు. "ఒకదిక్కే మాడుతది" అన్నాడు. బళ్ళో పిల్లలకు అంత బాగా ఏదీ నేర్పలేదు నేను.

బొగ్గు దగ్గర మాత్రం ఆయన ఓపిక చూసి నాకు విసుగొచ్చింది. అనంతగిరి గుట్టల దిక్కు నుంచి, పరిగి దారి నుంచి బండ్ల మీద బొగ్గు వచ్చేది. ప్రతి బస్తాలో చేయి పెట్టి అడుగు నుంచి రెండు ముక్కలు తీసేవాడు. వాటిని ఒకదానితో ఒకటి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగున మోగాలి. డబడబమంటే లోపల పచ్చి ఉన్నట్టు, పొగ పెడుతుంది. విరిస్తే నిగనిగలాడాలి. తుమ్మ బొగ్గయితే సెగ ఎక్కువ. చింత బొగ్గు మొండిది. "ఆలస్యంగ అంటుకుంటది, ఆలస్యంగ ఆరుతది. దోస్తానా చేస్తే గసుంటోనితోటి చెయ్యాలె" అనేవాడు. బండివాళ్ళు ఆయన్ను దూరం నుంచే చూసి "అగో, పెండ్లిపిల్లను చూస్తందుకు వచ్చిండు" అని నవ్వుకునేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు, బస్తా మాత్రం మార్పించేవాడు.

కుంపటికీ బొగ్గుకూ నన్ను చేయి జేబులో పెట్టనివ్వలేదు. ఎందుకో మరుసటి నెల తెలిసింది.

పొద్దుటి బండిలో దిగాడు. తాండూరులో తెల్లవారి కోయించిన మాంసం మోదుగాకుల్లో చుట్టి తెచ్చాడు. చిన్న గుడ్డసంచిలో రెండు ముడులు, ఒకటి ఉప్పు, ఒకటి కారం. కుంపటిని మా గడప బయట, అరుగు పక్కన పెట్టాడు. కిరసనాయిలు చుక్క పోయనివ్వలేదు. గింజలు ఒలిచిన ఎండు మక్కబెండ్లతో అంటించాడు. నేను తొందరపడి సీకు పెట్టబోతే చేయి పట్టుకున్నాడు. "నల్లగున్నప్పుడు పెడితే పొగ తింటవు, ఎర్రగున్నప్పుడు పెడితే మాడు తింటవు. తెల్లగయినంక పెట్టు." బొగ్గుల మీద సన్నటి తెల్లబూడిద పట్టేదాకా కూర్చున్నాం. ముక్కలు కాలాక మొదటి సీకు నా భార్యకిచ్చి, రెండోది నాకిచ్చి, మూడోది తను తీసుకున్నాడు.

నా భార్య చేతిలో సీకు అలాగే ఉండిపోయింది. "నాయినా, తింటున్నవా?"

"తింటున్న. కుంపటి నాది, బొగ్గు నాది, మాంసం నాది, ఉప్పూ కారం నాదే. గిది నీ ఇంటి తిండి గాదు బిడ్డా. నేను నా ఇంట్ల తింటున్న. నువ్వే సుట్టం వచ్చినవు. తిను."

తల్లి పోయాక తల్లిగారిల్లు లేదని లోలోపల కుమిలే మనిషి ఆమె. ఆ పూట మా గడప బయట మూరెడు పొడవున ఆమెకు తల్లిగారిల్లు దొరికింది. ఏడుస్తూ తింది, కడుపునిండా తింది. నేను ఆచారాల మీద అప్పటిదాకా చేసిన వాదనలన్నీ మింగేసి ఇంకో సీకు అడిగాను.

అప్పటి నుంచి ఆ కుంపటి మా గడప దాటి లోపలికి రాలేదు. వానొస్తే అరుగు కింద గోనెపట్టా కప్పుకుని పడుకునేది.

రెండో నెలలోనే నా భార్య ఒక పని చేసింది. ఆయన కారం, ఉప్పు పట్టించి ముక్కలు నానబెట్టి బావికి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఈమె లోపలికి పోయి మా ఇంటి ఉప్పు గుప్పెట్లో తెచ్చి ముక్కల్లో కలిపేసింది. నేను హడలిపోయాను.

"నా ఇంటి ఉప్పు రవ్వంతన్న మా నాయిన కడుపుల పడాలె" అంది. "జర నోరు మూస్కో."

నోరు మూసుకున్నాను. ఆ రోజు మాంసం ఉప్పు కషాయం. మా మామ ఒక్క ముక్క వదలకుండా తిని, బావి దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. మరుసటి నెల ఈమె మళ్ళీ వేసింది, ఈసారి కొంచెం తగ్గించి. ఉప్పు సరిగ్గా సరిపోయింది. "చూసినవా, చేతికి అందాజు చిక్కింది" అని మురిసిపోయింది. అప్పటి నుంచి ప్రతి నెలా అంతే. ఆయన మాకు వీపు పెట్టి కూర్చుని ముడులు విప్పేవాడు, ముక్కలకు పట్టించేవాడు, చేతులు దులుపుకునేవాడు, లేచేవాడు.

"కాళ్ళకు దుమ్మున్నది. కడుక్కొని వస్త."

వచ్చీ రాగానే ఒకసారి కడుక్కున్న కాళ్ళే. "అన్నిసార్లు కడిగితే అరుగుతయి మామా" అని ఏడిపించేవాణ్ణి. "గొర్లెంబడి తిరిగిన కాళ్ళు, అంత జల్దిన అరగయి" అనేవాడు. బావి దగ్గర ఎవరితోనో మాట కలిపి తాపీగా వచ్చేవాడు. ఆయన అటు నడవగానే ఈమె ఇటు ఉప్పుకు లేచేది. తప్పు చేస్తున్నామన్న భయం నాకు చాలా ఏళ్ళుండేది. ఆయన నియమం మేమే చెడగొడుతున్నామే అని. ఆమెకు మాత్రం ఆ భయం లేదు. నెలంతా ఆ ఒక్క గుప్పెడు ఉప్పు కోసమే ఎదురుచూసినట్టుండేది.

ఇలా పదేళ్ళకు పైగా గడిచాయి. పిల్లలు కలగలేదన్న దిగులు మాకు మెల్లగా పలచబడింది. ఊళ్ళో శుభకార్యాలకు వెళ్ళినప్పుడు ఎవరైనా మాట అంటే నా భార్య నొచ్చుకునేది, నిజమే. ఆయన నోట ఆ ప్రస్తావన ఒక్కనాడూ రాలేదు. మొక్కులు చెప్పలేదు, వైద్యుల పేర్లు చెప్పలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా" అని కూడా అనలేదు. బొగ్గు తెల్లబడిందో లేదో చూడమనేవాడు.

ఆయన చివరిసారి వచ్చినప్పుడు సగం బస్తా చింత బొగ్గు మిగిలింది. "ఉండనియ్, వచ్చే నెలకు అక్కరకొస్తది" అని గోనెపట్టా కప్పి వెళ్ళాడు.

పెద్దకర్మ అయిన రోజు సాయంత్రం తాండూరులో, ఆయనతోపాటే ఉండే మా బావమరిది భార్య ఆయన వస్తువులు సర్దుతూ ఆ చిన్న గుడ్డసంచి తెచ్చి నా భార్య ఒళ్ళో పెట్టింది. అందులో అవే రెండు ముడులు. ఒకటి విప్పితే కారం. రెండోది విప్పింది. ఖాళీ. దులిపినా ఒక్క రవ్వ రాలలేదు.

"గిండ్ల ఉప్పు గట్టలేదా వదినా?"

"ఎక్కడిది! మొదట్ల రెండుసార్లు గట్టిన. మల్ల వద్దన్నడు. ఉత్త ముడి ఏసుకొని పోయేటోడు. 'ఉప్పు బిడ్డ ఏస్తది' అనేటోడు. ఎవ్వరికి చెప్పకు, ఎరుకైతే సిగ్గుపడి ఏస్తదో ఏయదో అనేటోడు."

నా భార్య ఆ ఖాళీ గుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది, ఏడుస్తోంది. ఏది ముందో చెప్పలేను. ఎన్నేళ్ళు ఆయన బావి దగ్గర ఎండలో నిలబడి, బిడ్డకు తన ఇంటి ఉప్పు తెచ్చుకునేంత వ్యవధి ఇచ్చాడో లెక్కవేసుకుంటూ నేను ఆ నాపరాళ్ళ వాకిట్లో కూర్చుండిపోయాను. పైకి తాతతండ్రుల ఉపవాసమూ చెడలేదు, బిడ్డ ఆకలీ మిగలలేదు. ఇంత చేసి మాకు ఒక్క మాట తెలియనివ్వలేదు.

వికారాబాదు వచ్చాక మొన్న ఆదివారం నా భార్య అరుగు కింద నుంచి కుంపటి లాగింది. మిగిలిన చింత బొగ్గులో రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి విన్నది. మక్కబెండ్లతో తనే అంటించింది. నేను మాంసం తెచ్చాను. ముక్కలకు కారం పట్టించి, చేతులు దులుపుకుని, నావైపు చూడకుండా అంది.

"బావికాడికి పోయి జర కాళ్ళు కడుక్కొని రారాదు."

నా కాళ్ళకు దుమ్ము లేదు. అయినా లేచి వెళ్ళాను. బావి దగ్గర ఎవరితోనో మాట కలిపాను. కాళ్ళు ఒకసారి కడిగి, మళ్ళీ కడిగాను. తిరిగి వచ్చేసరికి బొగ్గులు తెల్లబడి ఉన్నాయి. ఆమె మొదటి సీకు కుంపటి మీద పెడుతోంది, వేళ్ళకు ఇంకా ఉప్పు అంటుకునే ఉంది.