లిస్టుల లేని దినేష్ సారు

రెండు వేల పద్దెనిమిది. గల్ఫ్‌ల ఒక పట్నం అంచున మురుగునీళ్ల పెద్ద పైపులైను వేస్తున్నం. నేను ఆ కంపెనీ కాంట్రాక్ట్స్ డిపార్ట్‌మెంట్‌ల పని చేస్తున్న. ఈ మాట మా జమ్మికుంటల చెప్పంగనే "మా సునీత కాంట్రాక్టులు పడుతున్నదట" అని మా చిన్నమ్మ వాడంత చాటింది. పట్టేటోళ్లు వేరే ఉంటరు చిన్నమ్మా, పట్టినంక వచ్చే లొల్లి నాది అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కలే.

ఆ లొల్లి పేరే క్లెయిమ్. కట్టేటోళ్ల తప్పు లేకుండ పని ఆగితే, ఆగినన్ని రోజులు గడువు పెంచుమని అడగొచ్చు. దాన్ని ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ అంటం. కాని అడుగుడుకు ఒక పద్ధతి ఉన్నది. పని ఆగిన నాటి నుంచి ఇరవై ఎనిమిది రోజులల్ల నోటీసు ఇయ్యాలె. ఇరవై తొమ్మిదో రోజు ఇస్తే దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెప్పినా నడువది. ఆ నోటీసును తూచేది కన్సల్టెంటు, అంటే యజమాని తరఫున పనిని చూసే ఇంజనీర్ల కంపెనీ. మా బాపు పత్తి మార్కెట్ యార్డుల కాంటా కాడ ముప్పై ఏండ్లు నిలవడ్డడు. నాదీ కాంటా పనే, కాకపోతే పత్తికి బదులు కాయితాలు.

మా పైపులైనుకు గుంత తవ్వే గ్యాంగుకు ఫోర్మన్ రాజేశం. మంథని దగ్గర పల్లె ఆయనది. గల్ఫ్‌ల పద్దెనిమిది ఏండ్ల సర్వీసు. ఆ ఎండకాలం ఆయన గ్యాంగు తవ్వుతున్న జాగల, ఏ డ్రాయింగుల లేని పాత కరెంటు కేబుల్ ఒకటి బయటవడ్డది. పని నలభై రోజులు బందయింది. మేము జూలై నాలుగున నోటీసు ఇచ్చినం.

కన్సల్టెంటు ఒప్పుకోలే. మేము ఎవ్వలం ఆపుమనలే, మీ ఫోర్మనే తనంతట తాను ఆపుకున్నడు అన్నరు. అదీ మే ఆఖరుల్నే ఆపిండట, వాళ్ల రిపోర్టుల గుంత పొడుగు అప్పటి లెక్క కాడనే నిలిచిపోయి ఉన్నది. అంటే నోటీసు గుడ ఆలస్యమే. మా సైట్ డైరీ చూద్దమంటే, ఏసీ నీళ్లు కారి ఆ నెల పేజీలన్ని ముద్దముద్ద అయినయి. మా సైట్ ఇంజనీరు ఆ వారం సెలవుల ఉండె. ఇగ మిగిలింది రాజేశం నోటి మాట. నేను హెడాఫీసు నుంచి ఫోన్ చేసిన.

"ఆపుమన్నది ఎవలన్నా?"

"దినేష్ సారు, మేడం. పొద్దుగాలనే అచ్చి చెయ్యి అడ్డం వెట్టిండు."

"మన కంపెనీల దినేషా?"

"కాదు మేడం, కన్సల్టెంటోళ్ల సారే."

కన్సల్టెంటు స్టాఫ్ లిస్టు తీసి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసిన. దినేష్ అనేటోడు లేడు. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి అడిగిన, లేడన్నరు. నాకు ఒళ్లు మండింది. మన దిక్కోడై ఉండి నాతోనే అబద్ధమా అనిపించింది. "పేరు చెప్పిన వ్యక్తి లేడు, ఈ మాట నమ్మదగ్గది కాదు" అని నోట్ రాసి సంతకం వెట్టిన.

ఆ నోట్ పట్టుకొని కంపెనీ రాజేశంను ఇంటికి పంపింది. ఆర్డరు లేకుండ పని ఆపిండని ఫైలుల రిమార్కు రాసిండ్రు. అసొంటి రిమార్కు ఉన్నోన్ని ఆ దేశంల ఇంకో కంపెనీ గడప తొక్కనియ్యదు. పద్దెనిమిది ఏండ్ల పేరు నా నాలుగు వాక్యాలల్ల మట్టిల కలిసింది. ఆ రోజు నేను మంచిగ అన్నం తిన్న. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గయితది, అయినా చెప్పాలె.

నవంబరుల మా క్లెయిమ్ కొట్టేస్తున్నమని ఉత్తరం వచ్చింది. అప్పుడు క్యాంపుల ఉండేటోళ్లు ఒక ముచ్చట చెప్పిండ్రు: రాజేశం అన్న రోజూ నోటుబుక్కుల ఏదో రాసుకునేటోడట. నేను డిసెంబరుల సెలవు మీద ఇంటికి పోతున్న. "మీ దిక్కే గదా, ఆ బుక్కు దొరుకుతదేమో చూడు" అన్నడు మా ప్రాజెక్ట్ మేనేజరు. దాపరికమెందుకు, నేను పోయింది బుక్కు కోసమే. మాఫీ అడుగుడు నా మనసుల లేనే లేదు.

పెద్దపల్లిల బస్సు మారి మంథని, అక్కడినుంచి ఆటో. రోడ్డు పొడుగూత వడ్లు ఆరవోసిండ్రు. రాజేశం ఇంటి ముందట ఒకామె కాళ్లతోని వడ్లు తిరగేస్తున్నది. ఆయన భార్య కనకవ్వ. నేను ఫలానా కంపెనీ నుంచి వచ్చిన అని పేరు చెప్పంగనే ఆమె కాలు ఆగింది.

"సునీత మేడమంటె నువ్వేనా? ఆ కాయితం మీద సంతకం వెట్టినామెవు?"

"అవునక్కా."

"మా ఆయన అబద్ధాలకోరని రాసినవట. పద్దెనిమిదేండ్లు ఎండల మాడి సంపాయించుకున్న పేరు, నువ్వు గీకి పారేస్తివి. ఇప్పుడు ఏం గీకుదామని అచ్చినవు?"

పెరటి నుంచి రాజేశం వచ్చిండు. భుజం మీద తువ్వాలతోని మొఖం తుడుసుకొని, కుర్చీ వేసి, "ఇంటికచ్చిన మనిషి, జర నీళ్లన్న తాగనియ్యవే" అన్నడు కనకవ్వతోని. ఆమె లోటా తెచ్చి నా ముందట చప్పుడయ్యేటట్టు పెట్టింది.

బుక్కు సంగతి చెప్పిన. ఆయన మారు మాట లేకుండ లోపటికి పోయి నోటుబుక్కు తెచ్చిండు. తేదీలు ఏమీ లేవు. అన్నీ కార్తెలు. ఊర్ల ఎవుసం లెక్కలు రాసుకున్నట్టే ఎడారిల గుంతల లెక్క రాసుకున్నడు. "రోహిణి, పదో రోజు. రోళ్లు పలిగే ఎండ. నెత్తికి తడిబట్ట సుట్టుకొని తవ్వినం. ఇరవై మీటర్లు." రోహిణి పదో రోజంటే జూన్ మొదటి వారం, మే ఆఖరుకు పని ఆగనే లేదు. దాని కింద ఇంకో నాలుగు రోజులు తవ్విన లెక్క ఉన్నది. ఆ తర్వాత ఇట్ల ఉన్నది:

"మిరుగం. దినేష్ సారు అచ్చి గుంత బందు వెట్టుమన్నడు. కింద కరెంటు తీగ బయటవడ్డది. ఇయ్యాల అందరికి చేపల కూర. సారు గుడ తిన్నడు."

మిరుగం అంటే మృగశిర కార్తె మొదటి రోజు. మా దిక్కు ఆనాడు చేపలు తినని ఇల్లు ఉండది. గోడ మీద ఆ ఏటి తెలుగు క్యాలెండరు వేలాడుతున్నది. లేచి జూన్ పేజీ తీసిన. ఎనిమిదో తారీఖు. ఎనిమిది నుంచి జూలై నాలుగు దాకా వేళ్ల మీద లెక్కవెట్టిన. ఇరవై ఆరు రోజులు. నోటీసు గడువుల్నే ఉన్నది! కాని ఆపుమన్నోడు లిస్టుల లేని మనిషాయె.

"అన్నా, నిజం చెప్పు. ఈ దినేష్ ఎవలు?"

"ఎన్నిసార్లు చెప్పాలె మేడం? ఎర్రగ, పొడుగ్గ ఉంటడు. తెల్లోడు. ఎడమ చెవుల మిషిను వెట్టుకుంటడు."

ఆ ఆనవాలు ఉన్న ఇంజనీరు కన్సల్టెంటు ఆఫీసుల ఒక్కడే. "డెనిసా?"

"ఆఁ, దినేష్. నేనూ గదే అంటున్న గదా. క్యాంపుల అందరం గట్లనే అంటం. ఆయన గుడ పలుకుతడు."

ఆయన వేరే సెక్షనుకు మారేదాక రెండేండ్లు ప్రతి మీటింగుల ఆ డెనిస్ ఎదురుంగ కూసున్న నేను. లిస్టుల ఆయన పేరు రెండుసార్లు దాటుకుంట పోయిన. నెత్తి మీద చెయ్యి వెట్టుకున్న. కండ్లల్ల నీళ్లు వచ్చినయి. "తప్పు నాదన్నా, నన్ను మాఫ్ చెయ్యి" అన్న.

ఆయన వడ్ల దిక్కు చూసుకుంట అన్నడు. "తప్పు ఎవలకైతె కాదు మేడం. కాని మీరు ఒక్క మాట అడిగితె అయిపోయేది. ఆయన ఎట్లుంటడు అని. మీరు పేరు అడిగిండ్రు, ఫోన్ పెట్టేసిండ్రు."

బుక్కు నా చేతుల వెట్టిండు. కనకవ్వ ఊకోలే. "బుక్కు చేతికచ్చినంక మళ్ల మా ఫోను ఎత్తుతరా?" అన్నది.

"మీ కంపెనీ క్లెయిమ్ ఏమన్న గానీ మేడం, నా పేరు మీది మచ్చ పోవాలె. గంతే" అన్నడు రాజేశం.

తిరిగి పోయినంక బుక్కును ఇంగ్లీషు చేయించి, క్యాలెండరు జూన్ పేజీని అనెక్జర్‌గ, అంటే ఉత్తరానికి జోడించే సాక్ష్యంగ పెట్టిన. మీటింగుల కన్సల్టెంటు పెద్ద మేనేజరు నవ్విండు. "చేపల కూర కూడా ఎవిడెన్సేనా?" అన్నడు. నేను బల్ల ఆ చివరకు చూసిన. డెనిస్‌ను వేరే సెక్షన్ నుంచి పిలిపించుమని నేనే ముందుగాల అడిగిన. ఆయన చెవి మిషిను సవరించుకొని, బుక్కు మీద వేలు వెట్టి ఇంగ్లీషుల అన్న మాట ఇది:

"దినేష్ అంటే నేనే."

ఆయనే మళ్ల అందుకున్నడు. "ఆ చేప నాకు బాగా యాదికున్నది. ఇయ్యాల తినకపోతే వానకాలమంత దగ్గుతవు సారూ అన్నడు ఫోర్మన్. ఈ దేశంల వాన ఎక్కడిదయ్యా అని నవ్విన. పని ఆపుమన్నది నేనే. వాళ్ల ఇంజనీరు సెలవు నుంచి రాంగనే రాసిద్దమనుకున్న, ఈలోపల నన్ను వేరే సెక్షనుకు మార్చిండ్రు, మరిచిపోయిన. ఈ ఉత్తరాల లొల్లి నాదాకా రాలే."

ఆయన నోరు మూసుకొని కూసుంటే ఎవ్వలూ ఏమీ చేసేది లేకుండె. సొంత కంపెనీ ముందట తన తప్పు తానే ఒప్పుకున్నడు. ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంట.

గడువు దొరికింది. దానికంటె ముందు నేను అడిగింది ఇంకోటి: రాజేశం ఫైలుల రిమార్కు కొట్టేసి, ఆయన తప్పు లేదని ఉత్తరం ఇయ్యాలె. ఆ ఉత్తరం మార్చిల వచ్చింది. ఉరికినట్టే ఫోటో తీసి రాజేశంకు పంపి, వీడియో కాల్ చేసిన. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివి, ఒక్కసారే పక్కున నవ్విండు.

"మేడం, గీండ్ల రాజేష్ అని రాసిండ్రు."

చూస్తే నిజమే! మళ్ల పేరు కాడనే తప్పు.

"ఫికర్ చెయ్యకుండ్రి. నేను డెనిస్‌ను దినేష్ అంటి, మీరు రాజేశంను రాజేష్ అంటిరి. చెల్లుకు చెల్లు."

కనకవ్వ ఫోను గుంజుకున్నది. "చెల్లుడు గిల్లుడు ఏం లేదు. రాజేష్ అనేటోడు మా ఇంట్ల లేడు బిడ్డా. లిస్టంత చూసిన. సక్కగ రాయించి పంపు."

మొదటిసారి ఆమె నన్ను బిడ్డా అన్నది. నేను నవ్విన, ఏడ్చిన, రెండూ ఒక్కపారే. వారంల పేరు సక్కగ ఉన్న ఉత్తరం పోయింది. మే నెలల రాజేశం అదే కంపెనీకి మళ్ల వచ్చిండు. మిరుగం నాడు క్యాంపుకు పిలిచి నాకూ డెనిస్‌కూ పక్కపక్కన కూసోవెట్టి చేపల కూర వడ్డించిండు. "దినేష్ సారూ, ఇంకో ముక్క" అంటే డెనిస్ ప్లేటు ముందటికి జరిపిండు.

ఆ తర్వాత ఎన్నో క్లెయిములు చూసిన. సాక్షి చెప్పిన పేరు లిస్టుల దొరకకుంటే ఇప్పుడు నేను ఫోన్ పెట్టెయ్యను, "ఆయన ఎట్లుంటడన్నా?" అని అడుగుత. తప్పు పేరుతోని వచ్చిన మొదటి ఉత్తరం నా టేబుల్ సొరుగులనే ఉన్నది. ఎవలి గురించైనా "లేడు" అని రాసే ముందట అది తీసి ఒకసారి చదువుకుంట.