మెట్‌పల్లి మీదుగా

"బర్రె అంత బర్రె అడ్డమొస్తే కనపడలేదా? ఇగ డ్రైవర్ను పెట్టుర్రి!" జీపులోంచి లీలాబాయి అరుపు.

"అది తోకూపలే, నాకెట్ల తెలుస్తది?" అన్నాడు ఆమె భర్త మధుసూదన్‌రావు.

నిర్మల్‌లో తన గుమ్మం ముందే ఆ తగవు విన్నాడు ముష్తాక్. అతనూ మధుసూదన్‌రావూ వేర్వేరు కాలాల్లో హైదరాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో సరదాకి విమానం నడపడం నేర్చినవాళ్లే. ఇన్నేళ్లూ ఉత్తరాలే, చూసుకోవడం ఇదే మొదలు. పెద్దాయన దిగి, ఎగిరే ముందు విమానాన్ని చూసినట్టే జీపు చుట్టూ తిరిగి ఒక్కో చక్రాన్నీ తడిమాడు. తడివేలు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చెప్పాడు. ఎదురుగా పెట్టిన చాయ్ కప్పును మాత్రం చేత్తో వెతుక్కున్నాడు. చూపు మందగించి విమానం నడిపే లైసెన్సు పోయిన సంగతి ఆయన ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

"ఆదివారం మెట్‌పల్లిల మీ ఇంటి మీదికెళ్లి పోత, రావుసాబ్. రెక్కలు ఊపుత, చూడుర్రి," అన్నాడు ముష్తాక్.

ఆయన ముష్తాక్ చెయ్యి పట్టుకున్నాడు. "రెక్కలొద్దు బేటా, నాకు కనపడయి. మా ఇంటి మీద ఇంజను జర తగ్గించి మల్ల పెంచు. వాకిట్ల నిలబడి వింట."