ముందే చెప్పే టీచరమ్మ

జమ్మలమడుగు చర్చిలో గోడకు దుప్పటి కట్టి ఇంగ్లీషు భక్తి సినిమాలు వేసేవారు. మా సండేస్కూలు టీచరమ్మ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది. భయపెట్టే ఘట్టం రాకముందే, "భయపడాకండి, ఆయప్పకేం కాదు" అనేది.

చెరసాల నుంచి పారిపోయే ఒక విశ్వాసి గురించిన నవల ఆమెకు కంఠస్థం. అది సినిమాగా వచ్చిన రోజు కూడా అదే మాట చెప్పింది. కానీ సినిమా తీసినవాళ్లు కథ మార్చేశారు. ఏట్లో దూకినవాడు పైకి రాలేదు. మేం ఆమె కొంగు పట్టుకున్నాం.

"పుస్తకంలో బతికినాడు గదా," అంది.

మొన్న అమ్మను ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయాక, టీచరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏం కాదు" అంటుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను. ఆమె నా చేయి పట్టుకుని, మూసిన తలుపునే చూస్తూ ఉండిపోయింది.